ప్రేమకు అడ్డం పడే శాపాన్ని ఆటలో కట్టే పద్ధతి

టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రను డైస్ వేస్తూ ఆడే కథల ఆటలో ఇద్దరికి ఒకరంటే ఒకరికి ఇష్టం కలిగింది. కథ నడిపే గేమ్ మాస్టర్‌గా వాళ్ల మధ్య ఒక శాపం పెడితే బాగుంటుందని మీకు తోచింది. ఇక్కడ ఎక్కువమంది ఒక పని చేస్తారు. శాపం తగలగానే "ఇంక ఆమెకు నువ్వంటే ఇష్టం లేదు" అని చెప్పేస్తారు. ఆటగాడు తలూపి, డైస్ పక్కన పెట్టి, ఫోన్ తీస్తాడు. తప్పు అతనిది కాదు. ఇష్టమే పోయాక దేనికోసం ఎత్తులు వేయాలి?

ప్రేమను తీసేసే శాపం ఆటకు పనికిరాదు. ప్రేమ అలాగే ఉండాలి, శాపం దాని దారికి అడ్డం పడాలి. ఇష్టం ముదిరేకొద్దీ శాపం ఇంకా గట్టిగా తగలాలి. కింద చెప్పే కొలతలన్నీ ఈ మాట మీదే నిలబడ్డాయి.

లెక్కలకు ఇలాంటి ఆటల్లో ఒకటైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 5వ ఎడిషన్ తీసుకుంటున్నాం. దాని మూల నియమాల పత్రం 5.1ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు కాబట్టి, పుస్తకం కొనకుండానే ఎవరైనా దించుకుని చూసుకోవచ్చు. ఉదాహరణలకు గండికోట లాంటి చోటు పెట్టుకుందాం. పెన్నా లోయ అంచున ఎర్రరాతి కోట, లోపల ఒక పాళెగాడు, అవతలి గట్టున ఊరు. నలుగురు ఆటగాళ్లు, 4 నుంచి 6వ లెవెల్. వాళ్లలో ఓబులేసు అనే ఫైటర్‌కు కోటలో గుర్రాలకు వైద్యం చేసే చెన్నమ్మ మీద మనసైంది. చెన్నమ్మను ఆడించేది మీరు.

1. శాపం రాయకముందు టేబుల్ దగ్గర మాట్లాడండి

పావుగంట చాలు. ఎవరి పాత్ర ప్రేమకథను ముట్టుకోవచ్చో, ఎవరిది వద్దో అడగండి. ఓబులేసును ఆడే మనిషిని విడిగా పిలిచి, "నీ కథలోకి ఒక శాపం వస్తే సరేనా, నాలుగైదు సెషన్లు ఉంటుంది" అని అడగండి. అది ఏ శాపమో చెప్పనక్కర్లేదు. అతను నసిగితే వదిలేయండి. నసుగుడును ఒప్పుకోలుగా తీసుకుంటే తర్వాత టేబుల్ మీద గొడవే.

ఆటలోకి రాకూడనివి కూడా అప్పుడే తేల్చాలి. పాళెగాళ్ల కథ అనగానే కత్తులూ కక్షలూ వస్తాయి, రానివ్వండి. కానీ కులం పేరుతో విడగొట్టడం, పరువు పేరుతో చంపడం, కూతుర్ని గదిలో వేసి గొళ్లెం పెట్టడం మాత్రం తీసేయండి. టేబుల్ చుట్టూ కూర్చున్నవాళ్లలో ఒకరి ఇంట్లో అది నిజంగా జరిగి ఉండొచ్చు. వశీకరణం కూడా వద్దు. మందు పెట్టి ఒప్పించడాన్ని ఏ లెక్కతో చూసినా ప్రేమకథ అనలేం. 18 ఏళ్లలోపు వాళ్లు ఆడుతుంటే కథను చూపులు, చీటీలు, అలకల దగ్గరే ఆపండి.

ఒక అట్టముక్క మీద పెద్ద ఇంటూ గుర్తు వేసి టేబుల్ మధ్యలో పెట్టండి. ఎవరు దాన్ని తాకినా ఆ సన్నివేశం అక్కడితో ఆగిపోవాలి. ఎందుకని ఎవరూ అడగకూడదు.

2. ఏ మెట్టు దగ్గర అడ్డుకోవాలో ఎంచుకోండి

ప్రేమకథకు మెట్లుంటాయి: చూడటం, గుర్తుపట్టడం, మాట చెప్పడం, దగ్గరకు రావడం, మాటివ్వడం, కలిసి బతకడం. ఒక శాపం ఒక మెట్టునే మూయాలి. రెండు మూస్తే ఆటగాడికి ఎటు కదలాలో తోచదు.

చూపును మూసే శాపం, అంటే ఇద్దరూ ఒకరికొకరు ఎదురే పడకపోవడం, వినడానికి గొప్పగా ఉంటుంది, ఆడటానికి ఏమీ ఉండదు. ఎదురుపడకపోతే సన్నివేశమే పుట్టదు. దగ్గరకు రావడాన్ని మూసేదానికి మనకు తెలిసిన ఉదాహరణ పాండురాజుకు కిందముడు ఇచ్చిన శాపం. భార్యను కోరి తాకితే చావు. కథకు అది గొప్ప శాపమే, డైస్‌తో ఆడే ఆటకు మాత్రం ప్రమాదం. ఒక్క చెడ్డ రోల్‌తో నెలల తరబడి పెంచిన పాత్ర పోతుంది.

కథ ఇంకా మొదట్లోనే ఉంటే మాటను మూయండి. ఇద్దరికీ ఇష్టం తెలిసిపోయి ఉంటే గుర్తును మూయండి. మాటిచ్చుకున్నాక అయితే కలిసి ఉండటాన్ని మూయండి. మూడింటికీ ఒక్కో శాపం కింద పూర్తిగా కట్టి చూపిస్తాం.

3. శాప వాక్యం రాయండి

అయిదు ముక్కలు కావాలి: ఎవరు శపించారు, ఎందుకు, ఏం జరిగినప్పుడు పడుతుంది, పడితే ఏమవుతుంది, ఎలా విడిపోతుంది. ఒక్క ముక్క లేకపోయినా టేబుల్ మీద వాదన మొదలవుతుంది.

యాగంటి కథ తీసుకోండి. శపించింది అగస్త్యుడు. కారణం, కాకులు తపస్సు చెడగొట్టాయి. ఫలితం, ఆ క్షేత్రంలోకి కాకి రాకూడదు. హద్దు కచ్చితంగా ఉంది, ఎవరికి తగులుతుందో కచ్చితంగా ఉంది. పైగా, కాకి రాని చోటికి కాకి వాహనుడైన శని కూడా రాలేడని చెప్పుకుంటారు. కాకులకు పెట్టిన శాపం భక్తులకు మేలైంది. మంచి శాపానికి ఇలాంటి పక్క లాభం ఒకటి ఉండాలి. ఆటగాళ్లు దాన్ని ఎలా వాడుకోవచ్చా అని ఆలోచిస్తారు.

కచుడు, దేవయాని కథలో సందు ఎలా వదలాలో కనిపిస్తుంది. నేర్చుకున్న మృతసంజీవని నీకు పనిచేయకుండా పోవుగాక అని ఆమె శపిస్తే, నాకు పనిచేయకపోయినా నేను నేర్పినవాళ్లకు పనిచేస్తుంది అని అతను జవాబిచ్చాడు. శాపం మాట ఎంతవరకో అంతవరకే పట్టింది. మీ వాక్యంలో కూడా ఇలాంటి సందు ఒకటి తెలిసి వదలండి. తెలియకుండా మిగిలిన సందులు ఎలాగూ నాలుగైదు ఉంటాయి.

శకుంతల కథ మన పనికి అన్నింటికన్నా దగ్గర. మహాభారతంలో దుర్వాసుడి శాపం లేదు. అక్కడ దుష్యంతుడు తెలిసి తెలిసే ఆమెను ఎరగనంటాడు. శాపాన్నీ ఉంగరాన్నీ తెచ్చింది కాళిదాసు. దానితో దుష్యంతుడి మనసు చెడలేదు, గుర్తు మాత్రమే పోయింది. ఇంకో నేర్పు కూడా అందులో ఉంది. శాపం పడిన సంగతి శకుంతలకు తెలియదు, దుష్యంతుడికీ తెలియదు. ఆమె స్నేహితురాళ్లు అనసూయ, ప్రియంవదలకు తెలుసు. ఇది నేరుగా మీ టేబుల్‌కు తెచ్చుకోండి. శాపం సంగతి ఓబులేసుకు కాకుండా మిగతా ముగ్గురిలో ఒకరికి చీటీ మీద రాసివ్వండి. ప్రేమకథ ఒకరిదే అయినా ఆట నలుగురిదీ అవుతుంది.

వాక్యం భాష గురించి ఒక మాట. పాత రాతి శాసనాల చివర, ఈ దానాన్ని చెరిపినవాడికి పంచమహాపాతకాలు చుట్టుకుంటాయని ఉంటుంది. శాసనం లాంటి శాపానికి ఆ ధోరణి వాడండి. అవ్వ నోటి శాపానికి అది నప్పదు, అవ్వ మాట అవ్వలాగే ఉండాలి.

4. బరువు కట్టండి

నియమాల్లో బిస్టో కర్స్ అనే 3వ స్థాయి మంత్రం ఉంది. తాకి వేయాలి, ఎదుటివాడు తప్పించుకోవడానికి తన విజ్డమ్ (వివేకం) అంకె కలిపి డైస్ వేస్తాడు, దీన్ని సేవింగ్ త్రో, పొట్టిగా సేవ్ అంటారు, ఓడితే శాపం ఒక నిమిషం ఉంటుంది, అదీ వేసినవాడు మనసు చెదరనివ్వకుండా కాన్సన్‌ట్రేషన్ నిలుపుకుంటేనే. మంత్రం వేయడానికి ఖర్చయ్యే శక్తిని స్లాట్ అంటారు, 4వ స్థాయి స్లాట్‌తో వేస్తే 10 నిమిషాలు. 5వ స్థాయితో 8 గంటలు, ఇక్కడి నుంచి కాన్సన్‌ట్రేషన్ అక్కర్లేదు. 7తో 24 గంటలు, 9తో తొలగించేదాకా. పత్రంలో ఉన్న ఫలితాలు కాక మీరు వేరే ఫలితం పెట్టుకోవచ్చని కూడా అందులోనే ఉంది, వాటికన్నా బలంగా మాత్రం ఉండకూడదు. అంటే సంతలో జొన్నలమ్మే అవ్వ నెలల తరబడి నిలిచే శాపం పెట్టాలంటే ఈ మంత్రం చాలదు. కాబట్టి ప్రేమ శాపాన్ని మంత్రంగా కాకుండా మొక్కుగా, వస్తువుగా, చోటుగా రాయండి. దానికి విడిగా ఒక బరువు కట్టండి. మేం వాడే లెక్క ఇది.

పరిధి: ఒక జంటకే అయితే 1, ఒక మనిషి ఎవర్ని మెచ్చినా పడితే 2, వంశానికో ఊరికో అయితే 3.
కాలం: తెల్లారేదాకా 0, నెల రోజులు 1, విమోచనం దాకా 2, తరతరాలు 3.
తాకిడి: నవ్వులాట 0, అడ్డు 1, దెబ్బ 2, మరుపు 3.
తీసివేతలు: విమోచనం మొదటి నుంచే బహిరంగమైతే 2, రోజులో కొంత వేళే పడితే 1, శపించినవారు కూడా ఏదో పోగొట్టుకుంటే 1.

మొత్తం 3 లోపు ఉంటే 1 నుంచి 4వ లెవెల్ వాళ్లకు సరిపోతుంది. 4, 5 అయితే 5 నుంచి 8వ లెవెల్‌కు. 6 వస్తే అదే మీ ప్రధాన కథ కావాలి, పక్క కథగా పెట్టకండి. 6 దాటితే ఏదో ఒకటి కోసేయండి. డీసీ అంటే సేవ్ గెలవడానికి డైస్‌తో అందుకోవాల్సిన అంకె, దానికోసం 10కి బరువు కలపండి. బరువు 3 అయితే 13, 6 అయితే 16.

డీసీ 13, ఓబులేసు విజ్డమ్ +1 అనుకుందాం. ఇరవై ముఖాల డైస్ మీద 12 లేదా పైన పడాలి, అంటే 45 శాతం. అడ్వాంటేజ్ ఇస్తే, అంటే రెండుసార్లు వేసి పెద్దది తీసుకోనిస్తే, దాదాపు 70 శాతం. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. "రోజుకొకసారి సేవ్ వేయి, గెలిస్తే శాపం పోతుంది" అని రాస్తారు. వరుసగా మూడు రోజులూ ఓడిపోయే అవకాశం 17 శాతమే. అంటే 83 శాతం సార్లు మూడు రోజులు తిరక్కుండానే మీ శాపం ఊడిపోతుంది, విమోచనం వెతికే పనే ఉండదు. సేవ్ గెలిస్తే ఆ ఒక్క సన్నివేశం దాటనివ్వండి. శాపం పోవడానికి విమోచనం ఒక్కటే దారి అని గట్టిగా పట్టుకోండి.

రెండో గండం రిమూవ్ కర్స్ అనే శాపం తీసే మంత్రం. అదీ 3వ స్థాయిదే, దైవశక్తితో మంత్రాలు వేసే క్లెరిక్‌కు 5వ లెవెల్‌లోనే వస్తుంది. మూడు సెషన్లు కట్టిన కథను ఒక్క స్లాట్‌తో తుడిచేస్తారు. దాన్ని నిషేధించకండి. కష్టపడి తెచ్చుకున్న శక్తిని లాక్కుంటే ఎవరికైనా మండుతుంది. దానికి రెండు లాభాలు ఇవ్వండి: 24 గంటలు శాపం ఊరుకుంటుంది, విమోచనంలో ఒక ముక్క మంత్రం వేసినవారి కలలో కనిపిస్తుంది. ఈ మార్పు సంగతి స్లాట్ ఖర్చు పెట్టకముందే చెప్పాలి. ఖర్చయ్యాక చెప్తే మోసం కిందికి వస్తుంది.

5. మూడు శాపాలు, పూర్తిగా

మొదటిది మాటకు అడ్డం. ఓబులేసు సంతలో తీపి మాటలు చెప్పి నాలుగు శేర్ల కొర్రలు అప్పు తీసుకుని ఎగ్గొట్టాడు. గింజలమ్మే అవ్వ నోటి వాక్యం ఇది: "తియ్యని మాటలు జెప్పి నా గింజలు మింగితివి గదరా. నీకు నచ్చిన పిల్ల ముందర నోరు తెరిస్తే నా గింజల ధరే రావాల. నా బాకీ సంతలో పదిమంది ముందర ఒప్పుకునేదాంక ఇంతే పో."

బరువు: జంట అనుకుంటే 1, కాలం 2, నవ్వులాట 0. మొత్తం 3, డీసీ 13. చెన్నమ్మతో మనసులో మాట చెప్పబోయిన ప్రతి సన్నివేశంలో ఒక్కసారి సేవ్. ఓడితే నోట్లోంచి "కొర్రలు శేరు మూడు దుడ్లు" అని వస్తుంది. ఆ వాక్యం ఆటగాడే చెప్పాలి, మీరు చెప్పకండి, సగం సరదా అక్కడే ఉంది. చెన్నమ్మ నవ్వకుండా జవాబివ్వాలి: "నా గుర్రాలకు ఉలవలు కావాలప్పా, కొర్రలు ఏం జేసుకోవాల?"

ఇప్పుడు ఆటగాళ్లు పక్కదారులు వెతుకుతారు. చీటీ రాయడం, సైగ చేయడం, స్నేహితుణ్ని పంపడం, సెండింగ్ మంత్రంతో 25 మాటలు పంపడం. ఈ నాలుగూ ఎప్పుడూ వస్తాయి, ముందే తేల్చి పెట్టుకోండి. రెండు మూయండి, ఒకటి ఖరీదు చేయండి, ఒకటి తెరిచి ఉంచండి. చీటీలో అక్షరాలు పద్దు లెక్కలైపోతాయి. సెండింగ్‌లోనూ ధరే పోతుంది. సైగకు నటన మీద డైస్ వేసే పెర్ఫార్మెన్స్ చెక్, డీసీ 12, ఓడితే అతనికి కడుపునొప్పి అనుకుని చెన్నమ్మ గుర్రం మందు కలుపుతుంది. స్నేహితుడి దారి తెరిచి ఉంచండి, ఎందుకంటే అది మిగతా ముగ్గురికీ పని పెడుతుంది.

పది మంది అంటే పది మంది. తొమ్మిదిమంది పోగై ఉన్న సంతలో పదోవాడి కోసం వెతికే సన్నివేశం తప్పక వస్తుంది, దాన్ని లాగండి.

రెండోది గుర్తుకు అడ్డం. పొద్దుగుంకినప్పటి నుంచి తెల్లారేదాకా చెన్నమ్మకు ఓబులేసు ముఖం కొత్త ముఖం. పగలు అంతా మామూలే. జంట 1, కాలం 2, మరుపు 3, రాత్రి మాత్రమే కాబట్టి 1 తీసివేత. మొత్తం 5, డీసీ 15. ఆమెకు రాత్రి గుర్తు పోయినా పగటి ఇష్టం అలాగే ఉంటుందని మొదటి రాత్రే చూపించాలి. గుర్రాల కొట్టం దగ్గర కాపలా ఉన్న కొత్తవాడితో ఆమె, "ఓబులేసు ఇంకా రాలేదా?" అని అడుగుతుంది. ఆ కొత్తవాడే ఓబులేసు.

విమోచనానికి ఒక వస్తువు పెట్టండి. మన వైపు వస్తువు చేతిలోనే ఉంది. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లోనూ, అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కలా జనం వజ్రాల కోసం నేల చూసుకుంటూ తిరుగుతారు. చెన్నమ్మ ఓబులేసుకు ఇచ్చిన ముడి వజ్రం చేలో పడిపోయింది, తొలి వాన పడితేనే బయటపడుతుంది, దాన్ని రాత్రిపూట అతని చేత్తో ఆమె చేతిలో పెట్టాలి. దీనితో మీకు గడియారం కూడా వచ్చేస్తుంది. వాన ఇంకో మూడు సెషన్లకు పడుతుంది, ఆ రోజు చేలో వంద మంది ఉంటారు, వాళ్లలో పాళెగాడి మనుషులూ ఉంటారు.

దీనిలో ఒక మెలిక ఉంది, వదులుకోకండి. గ్రేటర్ రెస్టోరేషన్ మంత్రం శాపాన్ని తీసేస్తుంది. దానికి 100 బంగారు నాణేల విలువైన వజ్రపు పొడి కావాలి, అది ఖర్చైపోతుంది. మీ ఆటగాళ్లకు ఆ 5వ స్థాయి మంత్రం ఇంకా రాదు, కోటలోని గుడి పూజారికి వస్తుంది. "వజ్రం ఇవ్వండి, నూరి ఈ రాత్రే తీసేస్తా" అంటాడు పూజారి. నూరితే శాపం పోతుంది, చెన్నమ్మ ఇచ్చిన గుర్తు కూడా పోతుంది. నూరాలా, వాన రాత్రి ఆమె దగ్గరకు పరుగెత్తాలా? రెండింటిలో ఏది ఎంచుకున్నా ఒప్పుకోండి, ఏదీ తప్పు జవాబు కాదు. నూరితే మాత్రం ఆ వజ్రం ఏమైందని చెన్నమ్మ అడిగే రోజు ఒకటి రాసి పెట్టుకోండి.

మూడోది కలిసి బతకడానికి అడ్డం. ఇది పెద్దది. వాన రాత్రి ఒక బాటసారి ఆమెను రెండు ఇళ్లవాళ్లూ గడప తొక్కనివ్వలేదు. ఆమె పెట్టిన శాపం ఇది: ఆ రెండు వంశాల నుంచి మనసిచ్చుకున్న జంట ఒకే కప్పు కింద నిలవలేదు. వంశం 3, తరతరాలు 3, దెబ్బ 2, విమోచనం రాతి మీదే చెక్కి ఉంది కాబట్టి 2 తీసివేత. మొత్తం 6.

ఇద్దరూ ఒకే కప్పు కిందికి వచ్చాక ఒక నిమిషం ఏమీ కాదు, మట్టి రాలుతుంది. తర్వాత ప్రతి రౌండు చురుకుదనం మీద డెక్స్‌టెరిటీ సేవ్, డీసీ 16, ఓడితే ఆరుముఖాల డైస్ ఒకటి (1డీ6) వేసి పడినంత దెబ్బ. పక్కనున్నవాళ్లకూ అంతే. 4వ లెవెల్ ఫైటర్‌కు కాన్‌స్టిట్యూషన్ +2 అయితే ప్రాణబలం, అంటే హిట్ పాయింట్లు, 36 ఉంటాయి. సగటు దెబ్బ 3.5. అన్నీ ఓడినా పది రౌండ్లు, అంటే ఇంకో నిమిషం నిలబడగలడు. అంత వ్యవధి చాలు, ఒక ముఖ్యమైన మాట చెప్పుకోవచ్చు, ఒకర్ని బయటికి లాగొచ్చు.

ఈ శాపం మొత్తం ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది: కప్పు అంటే ఏది? మొదటి గంటలోనే అడుగుతారు, "అన్నా, పెళ్లి పందిరి కప్పు కిందికి వస్తాదా?" అని. జవాబు మీ దగ్గర రాసి ఉండాలి. మేం పెట్టే నిర్వచనం: మనిషి చేత్తో వేసింది, కనీసం ఒక వైపు గోడ ఉన్నది. దీని ప్రకారం పందిరికి గోడ లేదు, పెళ్లి చేసుకోవచ్చు, కాపురమే పెట్టలేరు. నాలుగు పక్కలా తెరిచి ఉన్న రాతి మండపం ఫర్వాలేదు. కోట ధాన్యాగారం పనికిరాదు. గూడుబండికి పక్కలు అల్లి ఉంటాయి, పనికిరాదు, కాబట్టి ప్రయాణంలో ఒకరు నడవాలి. బెలూం లాంటి గుహను మనిషి కట్టలేదు, ఉండొచ్చు. కదిరి వైపు తిమ్మమ్మ మర్రిమాను లాంటి చెట్టు కింద ఎకరాల కొద్దీ నీడ, అక్కడా ఉండొచ్చు. శాపం తగిలిన జంటలన్నీ తరతరాలుగా అలాంటి మర్రి కింద ఊరు కట్టుకుని ఉన్నాయంటే మీకు ఒక సెషన్‌కు సరిపడా చోటు దొరికినట్టే.

విమోచనం: రెండు వంశాలవాళ్లూ కలిసి బాటసారుల కోసం ఒక సత్రానికి కప్పు వేయాలి. 12 నాపబండలు, ప్రతి బండనూ రెండు వైపుల నుంచి ఒక్కొక్కరు మోయాలి. సెషన్‌కు మూడు బండల చొప్పున నాలుగు సెషన్లు. ప్రతి బండకూ ఒక మొండి మనిషిని ఒప్పించాలి, ఒకరికి భూమి తగాదా, ఒకరికి పాత బాకీ, ఒకరికి అసలు శాపమంటేనే నమ్మకం లేదు. చివరి బండ ఎక్కించాక జంట కిందికి వెళ్లి నిలబడి డీసీ 16తో ఒకే ఒక్క సేవ్ వేయాలి. ఎంతమంది మనస్ఫూర్తిగా మోశారో అంతమందికి +1 ఇవ్వండి. ఓడితే ఒక బండ పగిలి పడుతుంది, మళ్లీ ఒకటి మోయాలి, అంతే. మొత్తం కూల్చేయకండి.

6. ఆధారాలు చల్లండి

ఆటగాళ్లు తెలుసుకోవాల్సిన ఒక్కో సంగతికి మూడు ఆధారాలు పెట్టండి. ఒకటి దాటిపోతారు, రెండోదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది పట్టుకుంటారు. ఒకటి మనిషి నోట, ఒకటి వస్తువు మీద, ఒకటి శాపం పడే తీరులో ఉంటే మంచిది.

రాతి శాసనం చేతికిస్తే ఆటగాళ్లు ముందుకు వంగుతారు. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ల శాసనం సుమారు 575 నాటిది, రేనాటి చోళులది, తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటి. ఆ తీరులో ఏడెనిమిది పంక్తులు మందపాటి కాగితం మీద రాసి, మూడోవంతు అక్షరాలు తడివేలితో చెరపండి. ఎవరు, ఎందుకు అన్నవి చెరిగిపోనివ్వండి. ఎప్పుడు పడుతుంది, ఎలా విడిపోతుంది అన్నవి మాత్రం చదవగలిగేలా ఉంచాలి. అవి కూడా పోతే ఆటగాళ్లు ఊహల్లో పడి సెషన్ అంతా తిరుగుతారు.

7. నడిపేటప్పుడు చెడిపోయేవి

నాలుగు గంటల సెషన్‌లో ప్రేమ సన్నివేశాలు అన్నీ కలిపి నలభై నిమిషాలు దాటనివ్వకండి, ఒక్కోటి పది నిమిషాల్లోపు. దాటితే మిగతా ముగ్గురు ప్రేక్షకులైపోతారు. ప్రతి సన్నివేశంలో వాళ్లలో ఒకరికైనా పని పెట్టండి.

చెన్నమ్మను బహుమతిలా దాచిపెట్టడం అన్నింటికన్నా ఎక్కువ కథల్ని చెడగొడుతుంది. ఆమెకు ఓబులేసుతో సంబంధం లేని కోరిక ఒకటి రాయండి, సొంతంగా ఒక గుర్రాల కొట్టం పెట్టాలని, పాళెగాడి కొలువు వదలాలని. రెండు నైపుణ్యాలు ఇవ్వండి, మెడిసిన్ +5, యానిమల్ హ్యాండ్లింగ్ +6 అలా. రెండు సెషన్లు ఆటగాళ్లు శాపాన్ని పట్టించుకోకపోతే ఆమే వెతకడం మొదలుపెట్టి ఒక ఆధారం పట్టుకొస్తుంది. "వద్దు, నాకు ఇష్టం లేదు" అనే హక్కు కూడా ఆమెకు ఉండాలి. అలా అన్నప్పుడు అది శాపం పని కాదని ఆటగాడికి తేటగా తెలియాలి. లేకపోతే ప్రతి "వద్దు"కూ శాపాన్నే తిట్టుకుంటూ వెంటపడతాడు, అది చూడటం ఎవరికీ బాగుండదు.

శపించిన అవ్వను చంపేస్తే? ఈ ఆలోచన టేబుల్‌కు ఒకరికైనా వస్తుంది. చంపితే శాపం పోదని, విమోచనం కూడా కష్టమవుతుందని ముందే ఒక పాత్ర నోట చెప్పించండి: "పెట్టిన నోరు పోతే తీసే నోరు గూడా పోతాదప్పా." విని కూడా చంపితే కాలం 2ను 3 చేయండి, బరువు ఒకటి పెరుగుతుంది.

నవ్వులాట శాపం మూడు సార్లు నవ్విస్తుంది, నాలుగోసారి విసుగు. కొర్రల ధర పాతబడగానే దానికి కొత్త చిక్కు తగిలించండి: అతను చెప్పిన ధర రేపటి సంతలో నిజమవుతోందని ఒక వ్యాపారి కనిపెట్టాడు, ఇప్పుడు ఓబులేసును చెన్నమ్మ ముందు నిలబెట్టడానికి డబ్బులిస్తున్నాడు.

రెండు ఆరుముఖాల డైస్‌తో ఆడే ఆటల్లో అయితే పని ఇంకా తేలిక. కలిపే అంకె ఏదీ లేకపోతే 10 పైన పడే అవకాశం 17 శాతం, 7 నుంచి 9 మధ్య 42, 6 లోపు 42. ఆ మధ్య ముక్కే శాపానికి ఇల్లు. 10 పైన పడితే మాట దాటుతుంది, 6 లోపు కొర్రల ధర, మధ్యలో పడితే మాట దాటుతుంది గానీ కోటంతా వినిపిస్తుంది.

శాపం విడిపోయాక గుర్తుగా ఏదో ఒక చిన్నది మిగల్చండి. ఓబులేసుకు ఇక ఎప్పుడూ గింజల ధరల బేరంలో అడ్వాంటేజ్. అవ్వ బాకీ నాలుగు శేర్లూ కొలిచి ఇచ్చే సన్నివేశం ఆడించండి, వడ్డీ ఎంతో అవ్వనే చెప్పనివ్వండి. ఆ తర్వాత కనీసం మూడు సెషన్లు ఆ జంట జోలికి పోకండి. ఈలోగా శాపం ఇంకెవరికైనా పెట్టాలనిపిస్తే పైన ఒకటో అంకె దగ్గర చెప్పినదానికి తిరిగి వెళ్లి ఆ ఆటగాడిని విడిగా పిలిచి అడగండి.